బీజగణితమున పదములను జట్లు గట్టుట

ఎనిమిదవ తరగతి విద్యార్థి బీజగణితమున గుణకారము వఱకు సంతోషముగానే నడచును. కుండలీకరణములను విప్పుట వానికొక వినోదము. ఒక్కొక్క పదమును గుణించి, సజాతి పదములను కూడి, గుర్తులు సరిచూచుకొని ముగించును. కాని అదే పుస్తకమున నాలుగు పుటలు త్రిప్పి, కారణాంకములుగా విభజింపుమను ఆజ్ఞ కంటబడినతోడనే వాని కలము నిలిచిపోవును. అందును నాలుగు పదములను జట్లుగా గట్టి సామాన్య కారణాంకమును వెలికితీయవలసిన లెక్కలు వచ్చినపుడు, తరగతిలో సగముమంది నల్లబల్లవైపును, తక్కిన సగముమంది ప్రక్కవాని పుస్తకమువైపును చూచుచుందురు. ఈ దోషము పిల్లలది కాదనియు, ఆ పాఠము సాధారణముగా చెప్పబడుచున్న తీరునందే లోపము కలదనియు మా యభిప్రాయము.

గుణకారము దిగుడు త్రోవ. కారణాంక విభజనము వచ్చిన త్రోవను వెదకుకొనుచు వెనుకకు ఎక్కుట. ఈ వ్యాసమున తెలియని రాశులకు 'య', 'క' అను అక్షరములను వాడుదుము. ఇది మా కల్పన కాదు. మన ప్రాచీన గణితజ్ఞులు మొదటి అవ్యక్తరాశిని యావత్తావత్తనియు, రెండవదానిని కాలకమనియు పిలిచి, మొదటి యక్షరములతో గుర్తించెడివారు. (3య + 1)(2య + 5) అను దానిని గుణించినచో 6య², 15య, 2య, 5 అను నాలుగు పదములు పుట్టును. అందు నడిమి రెండును సజాతులు గనుక కలిసిపోయి 17య అగును. ఇక 6య² + 17య + 5 అను సమాసము మాత్రమే చూచినవానికి 15, 2 కనబడవు. కలిసిపోయిన పాలను నీళ్లను వేఱుచేయు హంస పనిని మనము ఆ పదుమూడేండ్ల బాలునికి అప్పగించుచున్నాము. పని కష్టమైనదని ముందుగా వానితో చెప్పుట న్యాయము. సులభమని చెప్పి, రానివానిని మందమతి యనుట న్యాయము కాదు.

సాధారణముగా జరుగునది యేమనగా, ఒక తంత్రము నేర్పబడును. మొదటి గుణకమును చివరి సంఖ్యతో గుణింపుము, 30 వచ్చును. లబ్ధము 30, మొత్తము 17 అగునట్టి రెండు సంఖ్యలను వెదకుము, 15, 2 దొరకును. నడిమి పదమును చీల్చుము. రెండేసి పదములలో సామాన్యమైనదానిని బయటికి తీయుము.

6య² + 15య + 2య + 5 = 3య(2య + 5) + 1(2య + 5) = (2య + 5)(3య + 1)

విధానము సరియైనదే. మార్కులును వచ్చును. కాని మొదటిదానిని చివరిదానితో ఎందుకు గుణించితివని అడుగుడు. నూటికి ఒక్కడైన చెప్పునా యని మాకు సందేహము. కారణము తెలియని తంత్రము మంత్రము వంటిది. ఒక్క యక్షరము తప్పినచో పలుకదు. రెండవ జట్టులో సామాన్యమైన దేమియు లేనట్లు కనబడినపుడు 1 వ్రాయవలెనని తోచక విద్యార్థి దానిని విడిచివేయును. య³ − 2య² − 5య + 10 అను దానియందు −5 బయటికి వచ్చునపుడు లోపలి గుర్తు మాఱవలెనని మఱచి −5(య + 2) అని వ్రాయును. అప్పుడు రెండు కుండలీకరణములు కలియవు. కలియకున్నను, కలిసినట్లే వ్రాసి తరువాతి లెక్కకు పోవు ధైర్యవంతులును కలరు.

దీనికి మేము కోరు మొదటి మార్పు, అక్షరములకు ముందు బొమ్మను చూపుట. మా టోలిచౌకిలో గజమన నేమో తెలియని బిడ్డ లేడు. గోలకొండ కోటకు పోవు త్రోవలో తొలి చౌకి గనుక ఈ పేరు వచ్చినదని పెద్దలు కొందఱందురు; ఇతరులు వేఱుగా చెప్పుదురు; ఆ వాదమున మేము ప్రవేశింపము. ఒకవైపు షేక్‌పేట, ఒకవైపు మెహదీపట్నము, ఎగువను జూబిలీ హిల్సు, ఫిలింనగరు ఉండుటచేత ఇచ్చట ఇంటి స్థలములను గూర్చిన మాట వినబడని దినముండదు. కావున ఆ స్థలమునే నల్లబల్లపై గీయుదుము గాక.

య గజముల పొడవును, క గజముల వెడల్పును గల స్థలమొకటి కలదు. దాని వైశాల్యము యక చదరపు గజములు. పొడవు వెంబడి 4 గజముల వెడల్పుగల పట్టీ యొకటి కొన్నారు, అది 4య. వెడల్పు వెంబడి 3 గజముల పట్టీ యొకటి కొన్నారు, అది 3క. ఇప్పుడు ప్రహరీగోడ కట్టబోవగా ఒక మూల లోపలికి నొక్కుకొనియున్నది. ఆ మూల ముక్క 3 గజములు, 4 గజములు, అనగా 12 చదరపు గజములు. దానిని కొన్నయెడల స్థలమంతయు మరల దీర్ఘచతురస్రమగును. పొడవు య + 3, వెడల్పు క + 4. నల్లబల్లపై వ్రాయునది యింతే:

యక + 4య + 3క + 12 = య(క + 4) + 3(క + 4) = (య + 3)(క + 4)

నాలుగు పదములు నాలుగు ముక్కలు. జట్టుగట్టుట యనగా ప్రక్కప్రక్కనున్న రెండు ముక్కలను చేర్చి ఒక పెద్ద ముక్కగా చూచుట. రెండు పెద్ద ముక్కలకును క + 4 అను ఒకే వెడల్పు కలదు గనుకనే అవి యతుకును. యక, 3క లను ఒక జట్టుగను, 4య, 12 లను ఒక జట్టుగను కట్టినను అదే స్థలము, అదే గోడ. ఈ రెండు విధములను విద్యార్థిచేతనే చేయించి ఫలము ఒక్కటే యని వానిచేతనే అనిపింపవలెను. ఫిలింనగరు స్టూడియోలలో రంగాలంకరణకై చెక్కపని చేయువారు 8 అడుగుల పొడవు 4 అడుగుల వెడల్పు గల ప్లైవుడ్డు పలకలను ముక్కలుగా కోసి గోడ బొమ్మలకు అతుకుదురు. అంచులు సమముకాని ముక్కలు అతుకవని చెప్పుటకు వారికి బీజగణితము అక్కఱలేదు. అట్టివారి బిడ్డలకు (య + 3)(క + 4) అనునది కొత్త సంగతి యేల కావలెను?

ఈ బొమ్మ యూరపునుండి తెచ్చుకొన్నది కాదు. రెండు అవ్యక్తరాశుల లబ్ధము గల సమీకరణములను మనవారు భావితములనిరి. 628 సంవత్సరమున బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమును రచించిన బ్రహ్మగుప్తుడు వీనిని సాధించు సూత్రమును చెప్పెను. 1114లో జన్మించిన భాస్కరాచార్యుడు తన బీజగణితమున భావితమునకు ప్రత్యేకముగా చోటిచ్చెను. అందలి ఉదాహరణములలో నొకదాని సారమిది: రెండు రాశులలో నొకదానిని నాలుగింట, రెండవదానిని మూడింట గుణించి, కూడి, రెండు కలిపినచో ఆ రెండు రాశుల లబ్ధము రావలెను. మన గుర్తులతో,

యక = 4య + 3క + 2

యక అను స్థలమును గీయుడు. పొడవు వెంబడి 4 గజముల పట్టీని, వెడల్పు వెంబడి 3 గజముల పట్టీని తీసివేయుడు. లోపల మిగిలినది (య − 3), (క − 4) భుజములుగాగల స్థలము. కాని రెండు పట్టీలును ఒక మూల ఒకదానిపై నొకటి పడుచున్నవి. ఆ 12 చదరపు గజములను రెండుమాఱులు తీసితిమి. ఒకమాఱు తిరిగి కలుపవలెను. కనుక

(య − 3)(క − 4) = యక − 4య − 3క + 12 = 2 + 12 = 14

ఇక 14ను రెండు కారణాంకములుగా వ్రాయుట మాత్రమే పని: 1, 14, లేక 2, 7. వీనిని ఇటునటు మార్చి వేసినచో య, క లకు 4, 18, 17, 5, 5, 11, 10, 6 అను నాలుగు జతలు వచ్చును. ధనపూర్ణాంకములలో ఇంతకుమించి లేవు. 5, 11 లను తీసికొని చూడుడు: 20, 33, 2 కలిసి 55, ఐదు పదునొకండ్లును 55. జట్టుగట్టుట తెలియనివాడు ఒక్కొక్క సంఖ్యను వేసి చూచుచు ఎప్పటికి ముగియునో తెలియక కూర్చుండును. తెలిసినవానికి పదునాలుగు అను సంఖ్య నాలుగు ద్వారములను చూపి, ఐదవది లేదని చెప్పును. కారణాంకములవలన ప్రయోజనమేమని అడుగు పిల్లలకు ఇంతకన్న మంచి యుత్తరము మాకు తెలియదు.

భాస్కరుని బోధనయందు మేము మిక్కిలి మెచ్చునది మఱియొకటి కలదు. ఈ భావితమునకు ఆయన ఉపపత్తిని రెండు విధముల చూపెను. ఒకటి క్షేత్రముచేత, ఒకటి రాశులచేత. బొమ్మ గ్రహింపనివానికి రాశులతో చూపవలెనని ఆయన యాశయము. అనగా ఎనిమిదివందల యేండ్లకు పూర్వమే ఒక యుపాధ్యాయుడు, ఒక త్రోవను రానివానిని మఱియొక త్రోవను తీసికొనిపోవలెనని తలంచెను. నేడు అనేక పాఠశాలలలో ఒకే త్రోవ యున్నది. అదియును తంత్రపు త్రోవ.

రెండవ మార్పు త్రైరాశికమును గూర్చినది. మన దేశమున లెక్కలు నేర్చినవారికి త్రైరాశికము అమ్మపెట్టిన అన్నమువంటిది. 9వ శతాబ్దమున మహావీరాచార్యుడు రచించిన గణితసారసంగ్రహమున దానికొక ప్రకరణమే కలదు. ఆ గ్రంథమును 11వ శతాబ్దమున పావులూరి మల్లన తెనుగు చేసి, తెలుగున గణితమునకు తొలిదారి వేసెను. తెలుగు భాష లెక్కలకు చాలదను మాట వినబడినపుడెల్ల ఆయన పేరు మాకు జ్ఞప్తికి వచ్చును. అనుపాతమున అంత్యముల లబ్ధము మధ్యమముల లబ్ధమునకు సమానమని మన పిల్లలు బీజగణితమునకు ముందే నేర్చియున్నారు. ఈ సూత్రమే జట్టుగట్టుటకును ప్రాణము.

యక, 4య, 3క, 12 అను వరుసను చూడుడు. అంత్యముల లబ్ధము యక × 12. మధ్యమముల లబ్ధము 4య × 3క. రెండును 12యక. నాలుగు ముక్కలును ఒక దీర్ఘచతురస్రమున ఇముడుటకు ఇదియే పరీక్ష. చివర 12కు బదులు 10 ఉన్నచో 10యక, 12యక కలియవు. మూలలో రెండు చదరపు గజములు తక్కువ, గోడ వంకర. ఇప్పుడు 6య² + 17య + 5 కడకు మరల పోదము. నడిమి పదమును చీల్చగా వచ్చు రెండు ముక్కల లబ్ధము అంత్యముల లబ్ధమైన 30య²కు సమానము కావలెను. 6ను 5తో ఎందుకు గుణించితిమో ఇప్పుడు తెలిసినది గదా! మంత్రమనుకొన్నది త్రైరాశికమే. ఈ యొక్క మాట చెప్పుటకు పది నిమిషములు చాలును; చెప్పకుండుటచేత పదవ తరగతి వఱకు విద్యార్థి చీకటిలో నడచుచున్నాడు.

పదములు పుస్తకమున అచ్చయిన వరుసలోనే జట్టుకట్టవలెనను భ్రమ కూడ తొలగింపవలెను. యక + 12 + 4య + 3క అని వ్రాసిన, మొదటి రెండింటికి సామాన్యమైనది లేదు. వరుస మార్చినచో కలదు. జట్టున రెండేసి పదములే యుండవలెనను నియమమును లేదు. య² + 6య + 9 − క² అను దానియందు మూడు పదములు ఒక జట్టై (య + 3)² అగును. ఒంటిగా మిగిలినది క². ఫలము (య + 3 + క)(య + 3 − క). ఇక య³ − 6య² + 11య − 6 ఉన్న రూపమున త్రైరాశికపు పరీక్షకు నిలువదు. కాని −6య² ను −య², −5య² లుగను, 11య ను 5య, 6య లుగను చీల్చిన మూడు జట్లు ఏర్పడి, అన్నిటను య − 1 బయటపడును. కడకు (య − 1)(య − 2)(య − 3). కనుక పరీక్షకు నిలువని సమాసమును చూచి, ఈ వరుసలో ఈ నాలుగు పదములు అతుకవని మాత్రమే చెప్పవలెను. కారణాంకములే లేవని తొందరపడరాదు.

అయితే నిజముగా కారణాంకములు లేనివియు కలవు. ఇచ్చటనే మా మూడవ కోరిక. అభ్యాసములలో ఇరువది లెక్కలున్న ఇరువదియు విడిపోవునవే యుండును. విద్యార్థి నేర్చుకొనునది కారణాంక విభజనము కాదు. ఎట్లయినను విడిపోవునను నమ్మకము. య² + 3య + 1 అను సమాసమును వానికి ఇచ్చి చూడుడు. లబ్ధము 1, మొత్తము 3 గల పూర్ణాంకములు లేవు. లేవని నిర్భయముగా వ్రాయుటకు బదులు వాడు ఏవో రెండు కుండలీకరణములను కల్పించి వ్రాయును. ఏలయన పుస్తకమున లేవను నుత్తరము వాని కెన్నడును ఎదురుపడలేదు. ప్రతి అభ్యాసమునను రెండు మూడు విడిపోని సమాసములుండవలెను. పూర్ణాంక గుణకములతో విడిపోదని కారణసహితముగా వ్రాసినవానికి పూర్ణమార్కులీయవలెను. లేనిదానిని ఉన్నదనకుండుట సత్యసంధత. ఆదివారపు బడిలో దానిని బోధించి, సోమవారమున లెక్కల గంటలో దానికి విరుద్ధమైన అలవాటును పెంచుట మాకు సమ్మతము కాదు.

దీనితో చేరినదే గుణించి సరిచూచుట. విభజించిన ప్రతి సమాసమును విద్యార్థి మరల గుణించి మొదటి రూపము వచ్చునో లేదో చూచుకొనవలెను. ఉపాధ్యాయుని యెఱ్ఱసిరా కొఱకు కాచుకొననక్కఱలేని లెక్కలు పాఠశాల చదువున మిక్కిలి కొద్ది. వానిలో ఇది యొకటి. తన పని సరియైనదో కాదో తానే నిర్ణయించుకొనగల సంతోషమును బిడ్డకు దక్కకుండ చేయుట ఎందులకు?

కాలము చాలదని తోటి యుపాధ్యాయులు కొందఱనవచ్చును. పాఠ్యప్రణాళిక పెద్దది, పదవ తరగతి పరీక్ష తలపై నున్నది, బొమ్మలు గీయుచు కూర్చున్నచో పాఠములు ముగియునా యందురు. ఈ యాక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. కాని కారణము తెలియక నేర్చినదానిని తొమ్మిదవ తరగతిలో ఒకమాఱు, పదవ తరగతిలో వర్గసమీకరణముల కడ ఇంకొకమాఱు మొదటినుండి చెప్పవలసి వచ్చుచున్నది. ఆ గంటలను ఎవరును లెక్కింపరు.

ఇంకను బలమైన యాక్షేపణ చరవాణిది. లెక్కను ఛాయాచిత్రము తీసినచో సోపానములతో సహా సమాధానము చూపు సాధనములు నేడు మన పిల్లల చేతులలో నున్నవి. బహుపదులను విభజించుట యంత్రమునకు కష్టమును కాదు. అకరణీయ గుణకములు గల బహుపదులను వేగముగా విభజించు పద్ధతిని 1982లో లెన్‌స్ట్రా సోదరులు, లొవాజ్ అను వారు ప్రకటించిరి. మఱి పిల్లలను కష్టపెట్టుట యేల యని అడుగుదురు. తంత్రము మాత్రమే బోధించువారికి ఈ ప్రశ్నకు సమాధానము లేదు. తంత్రమున యంత్రము మనకన్న నేర్పరి. కాని మూల ముక్క లేనిచో గోడ ఏల వంకరయగునో, పదునాలుగునకు నాలుగు ద్వారములే యేల యుండునో చూచి ఆనందించుట బిడ్డ తన బుద్ధితో చేయవలసిన పని. చరవాణి చూపిన సోపానములను తెచ్చిన విద్యార్థిని మేము కసరుకొనము. ఆ మూడవ సోపానమున −5 ఏల వచ్చినదో చెప్పుమందుము.

భాషను గూర్చి ఒక మాట. మా ప్రాంతమున ఒక తరగతిలోనే ఉర్దూ మాటలాడు ఇంటివారును, తెలుగింటివారును కూర్చుందురు. పుస్తకము ఇంగ్లీషున ఉండవచ్చును. కామన్ ఫాక్టరనునది కొందఱికి ఒక చప్పుడు మాత్రమే. వారు తమ యింటి మాటలో చెప్పుకొనిన తప్పేమి? ఆల్జీబ్రా యను పేరే 9వ శతాబ్దమున బాగ్దాదునందు అల్ ఖ్వారిజ్మీ రచించిన గ్రంథపు పేరిలోని అల్ జబ్ర్ అను మాటనుండి వచ్చినది. విఱిగినదానిని, లోపించినదానిని మరల పూరించుట అని దాని భావము. రెండుమాఱులు తీసివేయబడిన ఆ 12 చదరపు గజములను తిరిగి చేర్చుటకు ఇంతకన్న తగిన మాట యేది? ఉర్దూ తెలిసిన బిడ్డకు ఈ సంగతి చెప్పినచో ఆ శాస్త్రము తన యింటిదే యనుకొనును. పావులూరి మల్లనను చెప్పినచో తెలుగు బిడ్డయు అట్లే యనుకొనును.

ఇంత సేపు ఒక చిన్న పాఠమును గూర్చి వాదించుటకు హేతువు కలదు. లెక్కలు రావని తీర్పు పొందిన బిడ్డ పదవ తరగతి తరువాత ఏ చదువును ఎన్నుకొనవలెనో తాను నిర్ణయించుకొనడు. ఆ తీర్పే నిర్ణయించును. ఆ తీర్పు తఱుచు ఈ పుటలకడనే, జట్లు కలియని ఈ రెండు కుండలీకరణములకడనే మొదలగును. తొంబదితొమ్మిది గొఱ్ఱెలను విడిచి ఒక్కదానికై పోయిన కాపరి కథను మన పాఠశాలలలో ఏటేట చెప్పుచున్నాము. తరగతిలో తప్పిపోవునది ఒక్కటి కాదు, సగము మంద.

ఈ సంచికను చదువు విద్యార్థులకు నాలుగు లెక్కలిచ్చుచున్నాము. మొదటిది యక + 5య + 2క + 10. రెండవది యక + 5య + 2క + 9. మూడవది 2య³ + 3య² − 8య − 12. ఇందు రెండు కారణాంకములు దొరకగానే కలము క్రింద పెట్టవలదు. నాలుగవది యక = 2య + 5క + 3 అను భావితము; ధనపూర్ణాంకములలో దీనికెన్ని జతలున్నవో చెప్పవలెను. నాలుగింట ఒకటి విడిపోదు. అది యేదో, ఏల విడిపోదో బొమ్మ గీచి చూపవలెను. సమాధానములను గుణించి సరిచూచుకొని తెచ్చినవారితోనే మాటలాడుదుము.